లిస్బన్‌లో ఊడిన గడియ: 1967 యూరోపియన్ కప్ ఫైనల్ వెనుక లెక్క

సంక్షిప్తంగా: 1967 మే 25న లిస్బన్‌లో, స్కాట్లాండ్‌లోని గ్లాస్గో నగరపు ఫుట్‌బాల్ క్లబ్బు సెల్టిక్ ఇటలీకి చెందిన ఇంటర్ మిలన్‌ను 2-1 తేడాతో ఓడించి, యూరోపియన్ కప్ గెలిచిన తొలి బ్రిటిష్ జట్టయింది. ఎదురుదాడి కోసం కాచుకునే ఆటపై ముందుకు దూకే ఆట గెలిచిందనీ, ఒక్క ప్రాంతం కుర్రాళ్లు కోటీశ్వరుల క్లబ్బును మట్టికరిపించారనీ ఈ మ్యాచ్ గురించి చెప్పుకోవడం పరిపాటి. ఫలితం అర్థం కావాలంటే మాత్రం ఇంటర్ రక్షణ పద్ధతిలోనే ఉన్న ఒక ఖాళీని, ఆ రోజు ఆ జట్టుకు అందుబాటులో లేని ఇద్దరు ఆటగాళ్లను, ఆటగాళ్ల మార్పిడిపై, బదిలీలపై నాడు అమల్లో ఉన్న నిబంధనలను కలిపి చూడాలి.

ఏటా మే నెలలో, యూరోపియన్ కప్‌కు నేటి రూపమైన ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ దగ్గర పడగానే పాత ఫైనళ్ల జాబితాలు బయటికి వస్తాయి. లిస్బన్ మ్యాచ్ లేని జాబితా అరుదు. సెల్టిక్ పదకొండు మందీ తమ స్టేడియానికి 30 మైళ్ల లోపు పుట్టినవాళ్లేనన్న వాక్యం అందులో తప్పకుండా ఉంటుంది. అది నిజమే. అయితే ఆ వాక్యం చదివిన కొత్త పాఠకుడికి వెంటనే రెండు సందేహాలు వస్తాయి. అంత చిన్న ప్రాంతం నుంచి వచ్చిన జట్టు నాలుగేళ్లలో రెండుసార్లు యూరప్ విజేతగా నిలిచిన జట్టును ఎలా ఓడించగలిగింది? ఒకసారి సాధ్యమైనది ఆ తర్వాత ఎందుకు సాధ్యం కాలేదు? మొదటిదానికి జవాబు మైదానంలో ఉంది, రెండోదానికి మైదానం బయట ఉంది.

అప్పటిదాకా కప్పు దక్షిణాదిదే

యూరప్ దేశాల లీగ్ విజేతల మధ్య పోటీగా యూరోపియన్ కప్ 1955లో మొదలైంది. 1956 నుంచి 1966 దాకా జరిగిన 11 ఫైనళ్లలో ఆరింటిని రియల్ మాడ్రిడ్, రెండింటిని బెన్ఫికా, రెండింటిని ఇంటర్, ఒకదాన్ని ఏసీ మిలన్ గెలుచుకున్నాయి. అంటే స్పెయిన్, పోర్చుగల్, ఇటలీ దాటి కప్పు బయటికి పోలేదు. జర్మనీ, ఫ్రాన్స్, యుగోస్లావియా క్లబ్బులు ఫైనల్ దాకా వచ్చి ఓడిపోయాయి. బ్రిటిష్ క్లబ్బులకైతే ఫైనల్ గడప తొక్కడమే సాధ్యం కాలేదు.

సెల్టిక్ 1966-67 సీజన్‌లోనే తొలిసారి ఈ పోటీలో అడుగుపెట్టింది. 1954 తర్వాత పన్నెండేళ్ల పాటు స్కాట్లాండ్ లీగ్ టైటిల్ గెలవని క్లబ్బు అది. 1965 మార్చిలో జాక్ స్టీన్ మేనేజర్‌గా వచ్చాక పరిస్థితి మారింది. లానార్క్‌షైర్ బొగ్గుగనుల్లో పనిచేసిన మనిషి ఆయన. ఐరిష్ కేథలిక్ వలస కుటుంబాల అండతో పుట్టిన ఆ క్లబ్బుకు తొలి ప్రొటెస్టెంట్ మేనేజర్. ఆయన చేతికి దొరికిన జట్టు కొత్తగా కొన్నది కాదు. చాలామంది అప్పటికే క్లబ్బులో ఉన్నవాళ్లు. గోల్‌కీపర్ రోనీ సింప్సన్‌ను అంతకు ముందు హిబ్స్ క్లబ్బులో ఉండగా అక్కర్లేదని సెల్టిక్‌కు అమ్మేసింది స్టీనే. ఇక్కడికొచ్చి చూస్తే అదే సింప్సన్ ఎదురయ్యాడు. ఫైనల్ నాటికి అతని వయసు 36. ఫైనల్ ఆడిన పదకొండు మందిలో స్టీన్ మేనేజర్‌గా వచ్చాక డబ్బు పెట్టి తెచ్చుకున్నది ఒక్క విల్లీ వాలెస్‌నే. 1966 డిసెంబరులో హార్ట్స్ క్లబ్బు నుంచి 30,000 పౌండ్లకు అతన్ని కొన్నారు. అదే నెలలో ప్రధాన గోల్ స్కోరర్ జో మెక్‌బ్రైడ్ మోకాలి గాయంతో ఆ సీజన్‌కు దూరమవడంతో ఆ కొనుగోలు కలిసొచ్చింది.

గడియ ఎలా పనిచేసేది

ఇంటర్ ఆడిన పద్ధతిని ఇటాలియన్‌లో కతెనాచ్చో అంటారు. తలుపు గడియ అని అర్థం. కోచ్ హెలెనియో హెరేరా దాన్ని కనిపెట్టలేదు గాని, దానితో 1963, 1965, 1966 ఇటలీ లీగ్ టైటిళ్లు, 1964, 1965 యూరోపియన్ కప్పులు గెలిచి ప్రపంచానికి పరిచయం చేశాడు. పదిమందినీ గోల్ ముందు నిలబెట్టడమే కతెనాచ్చో అని చాలామంది అనుకుంటారు. అలాంటి జట్టు యూరప్‌ను రెండుసార్లు గెలవలేదు. అసలు పద్ధతిలో మూడు భాగాలున్నాయి.

మొదటిది మనిషికి మనిషి. ప్రత్యర్థి ఫార్వర్డ్ ఒక్కొక్కరికీ ఒక్కో డిఫెండర్‌ను కేటాయిస్తారు. ఫార్వర్డ్ ఎటు వెళ్తే డిఫెండర్ అటు వెళ్లాలి. బుర్ణిచ్, గ్వార్నేరి ఈ పనిలో ఆరితేరినవాళ్లు. రెండోది వాళ్లందరి వెనుక ఎవరినీ కాపలా కాయకుండా స్వేచ్ఛగా తిరిగే స్వీపర్. కెప్టెన్ అర్మాందో పిక్కి ఆ స్థానంలో ఉండి, ముందున్నవాళ్లు వదిలేసిన బంతిని ఊడ్చేసేవాడు. మూడోది ఎదురుదాడి. బంతి చిక్కగానే స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ లూయిస్ సువారెస్ ఒక పొడవాటి పాస్‌తో మైదానం సగాన్ని దాటించేసేవాడు. బ్రెజిల్ వింగర్ (మైదానం అంచు వెంట దాడి చేసే ఫార్వర్డ్) జైర్, సాంద్రో మజ్జోలా ఆ బంతి కోసం పరుగు తీసేవారు. ఎడమ ఫుల్‌బ్యాక్ (రక్షణ వరుసలో అంచున ఆడే డిఫెండర్) ఫాకెత్తి కూడా వెనక నుంచి దూసుకొచ్చేవాడు. రక్షణలో ఉన్న ఫుల్‌బ్యాక్ గోల్ కొట్టడానికి ముందుకు వెళ్లడం ఆ కాలంలో యూరప్‌కు చూపించినవారిలో ఫాకెత్తి ముఖ్యుడు. ఈ విషయం గుర్తుంచుకోవాలి, ఎందుకంటే లిస్బన్‌లో ఇంటర్‌ను దెబ్బతీసింది అదే ఆయుధం.

మనిషికి మనిషి పద్ధతిలో పుట్టుకతోనే ఒక ఇబ్బంది ఉంది. డిఫెండర్ ఎక్కడ నిలబడాలో అతను నిర్ణయించుకోడు, ప్రత్యర్థి నిర్ణయిస్తాడు. ఫార్వర్డ్ తన చోట ఉన్నంతసేపూ గడియ బిగువుగా ఉంటుంది. అతను చోటు వదిలి మధ్యలోకో వెనక్కో జరిగితే డిఫెండర్ కూడా వెంట వెళ్లాలి, వెళ్తే వదిలిన చోటు ఖాళీ అవుతుంది. హంగరీ జట్టు 1953లో వెంబ్లీలో ఇంగ్లండ్‌ను 6-3తో ఓడించినప్పుడు సెంటర్ ఫార్వర్డ్ హిదెకుటి చేసింది ఇదే. అయితే ఇంటర్‌కు పిక్కి ఉన్నాడు. మధ్యలో పడిన ఖాళీని అతను పూడ్చేవాడు. రెండు అంచుల్లోనూ ఒకేసారి ఖాళీలు పడితే ఒక్క మనిషి పూడ్చలేడు.

స్టీన్ చూసిన ఖాళీ

స్టీన్‌కు ఈ పద్ధతి కొత్త కాదు. 1963లో, డన్‌ఫర్మ్‌లిన్ మేనేజర్‌గా ఉన్నప్పుడే, మిలన్ వెళ్లి హెరేరా శిక్షణను దగ్గరుండి చూసి వచ్చాడు. 1967 మే 6న ఐబ్రాక్స్ మైదానంలో రేంజర్స్‌తో 2-2గా ముగిసి సెల్టిక్‌కు లీగ్ టైటిల్ తెచ్చిన మ్యాచ్‌కు హెరేరా కూడా వచ్చి చూసి వెళ్లాడు. ఆ రోజు రెండు గోల్సూ కొట్టిన వింగర్ జిమ్మీ జాన్‌స్టన్ మీదే ఎవరి దృష్టైనా పడుతుంది. పొట్టివాడు, కాలికి బంతి అంటుకుందా అన్నట్టు నలుగురిని దాటుకుపోయేవాడు. ఫైనల్‌లో అతని ప్రధాన పని మరొకటి: అంచు వదిలి లోపలికి రావడం, తన వెంట కాపలావాణ్ని లాక్కురావడం.

మిగతా ముగ్గురు ఫార్వర్డ్‌లదీ అదే దారి. ఎడమ వింగర్ బాబీ లెనాక్స్ లోపలికి, ఛామర్స్, వాలెస్ వెనక్కీ పక్కకీ. ఇంటర్ డిఫెండర్లు వాళ్ల వెంట కదిలిన కొద్దీ రెండు అంచులు తెరుచుకున్నాయి. ఆ తెరిచిన దారుల్లోకి కుడి నుంచి జిమ్ క్రెయిగ్, ఎడమ నుంచి టామీ గెమ్మెల్, ఇద్దరూ ఫుల్‌బ్యాక్‌లే, వెనక నుంచి పరుగెత్తుకొచ్చారు. వీళ్లకు కాపలా ఎవరు? ఇంటర్ లెక్కలో డిఫెండర్లంతా ఫార్వర్డ్‌లకు కేటాయింపు అయిపోయారు. ఇక మిగిలింది ఇంటర్ వింగర్లే. వాళ్లు వెనక్కి పరుగెత్తి ఫుల్‌బ్యాక్‌లను ఆపితే ఎదురుదాడికి ముందు మనిషి ఉండడు. పరుగెత్తకపోతే ఫుల్‌బ్యాక్ ఒంటరిగా బంతి అందుకుంటాడు. ఏది ఎంచుకున్నా నష్టమే. ఫైనల్ మొత్తం ఈ ఒక్క చిక్కుముడి చుట్టూ తిరిగింది.

స్టీన్ దాడి ఆటకు భక్తుడన్న మాటను కొంచెం జాగ్రత్తగా తీసుకోవాలి. నెల ముందు, ఏప్రిల్ 25న, ప్రాగ్‌లో డుక్లాతో సెమీఫైనల్ రెండో మ్యాచ్‌లో ఆయన ఛామర్స్‌ను ఒక్కణ్నే ముందుంచి మిగతా జట్టునంతా గోల్ ముందు పేర్చాడు. గ్లాస్గోలో 3-1తో గెలిచిన ఆధిక్యాన్ని కాపాడుకోవడానికి చేసిన పని అది; 0-0తో ఫైనల్‌కు దారి దొరికింది. అవసరమైతే ఆయన కూడా గడియ వేయగలడు. లిస్బన్‌లో వేయకపోవడానికి సిద్ధాంతం కంటే ఇంటర్ రక్షణ అమరికే ఎక్కువ కారణమని అనుకోవడం సబబు.

తొంభై నిమిషాలు

లిస్బన్ శివారులోని జాతీయ స్టేడియం చెట్ల మధ్య ఒక పక్క తెరిచి ఉన్న మైదానం. సుమారు 45,000 మంది వచ్చారు. ఎండ ఇంకా దిగలేదు. సొరంగంలో నిగనిగలాడుతున్న ఇంటర్ ఆటగాళ్ల పక్కన నిలబడి సెల్టిక్ మిడ్‌ఫీల్డర్ బెర్టీ ఆల్డ్ క్లబ్బు పాట ఎత్తుకున్నాడనీ, మిగతావాళ్లు గొంతు కలిపారనీ ఆటగాళ్లే చాలాసార్లు చెప్పారు. వాళ్లలో కొందరికి కట్టుడు పళ్లున్నాయి. ఆట మొదలయ్యే ముందు వాటిని తీసి సింప్సన్ టోపీలో వేశారు. ఆ టోపీ తొంభై నిమిషాలూ గోల్‌పోస్ట్ వల మూలన పడి ఉంది. గెలిస్తే ఫొటోలకు పళ్లు కావాలి కదా.

7వ నిమిషంలో క్రెయిగ్ బాక్స్‌లో, అంటే గోల్ ముందున్న పెనాల్టీ ప్రాంతంలో, కపెలీనిని పడగొట్టాడు. పశ్చిమ జర్మనీ రిఫరీ కుర్ట్ చెన్షర్ పెనాల్టీ ఇచ్చాడు, మజ్జోలా గోల్ చేశాడు. ఆ నిర్ణయాన్ని క్రెయిగ్ తర్వాత ఏళ్ల తరబడి ఒప్పుకోలేదు. నిర్ణయం సరైనదా కాదా అన్నది పక్కన పెడితే, దాని ప్రభావం వింతగా ఉంది. ఇంటర్‌కు ఆధిక్యం దొరకగానే ఆ జట్టు అలవాటు ప్రకారం వెనక్కి తగ్గింది. 83 నిమిషాల ఆట మిగిలి ఉండగా తగ్గింది. ఫలితంగా సెల్టిక్ ఫుల్‌బ్యాక్‌లు వెనుక ఖాళీ వదిలి ముందుకు పోవడానికి భయపడాల్సిన అవసరం తగ్గిపోయింది. పెనాల్టీ లేకపోతే ఇంటర్ మరికాస్త ముందుకు వచ్చి ఆడేదేమో, అప్పుడు గెమ్మెల్, క్రెయిగ్ ఇంత స్వేచ్ఛగా తిరగగలిగేవారు కాదేమో.

ఆ తర్వాత గంటసేపు ఆట ఒకే సగంలో సాగింది. ఆల్డ్ కొట్టిన బంతి క్రాస్‌బార్‌కు తగిలింది, గెమ్మెల్‌దీ ఒకటి తగిలింది. ఇంటర్ గోల్‌కీపర్ జూలియానో సార్తి మిగతావన్నీ ఆపాడు. రెండో చివర సింప్సన్‌కు పని దొరకడమే గగనమైంది. ఒకసారి గోల్ వదిలి బాక్స్ బయటికి వచ్చి, మీదికొస్తున్న ఇంటర్ ఆటగాణ్ని మడమతో బంతిని వెనక్కి తన్ని ఏమార్చాడు.

63వ నిమిషంలో గోల్ వచ్చిన తీరు ఈ వ్యాసానికి కీలకం. కుడి వైపు బంతి క్రెయిగ్‌కు అందింది. ఇంటర్ డిఫెండర్లంతా గోల్ వైపు జరిగారు. క్రెయిగ్ బంతిని గోల్ ముందుకు పంపకుండా అడ్డంగా బాక్స్ అంచుకు నెట్టాడు. అక్కడ ఎవరూ లేరు, ఒక్క గెమ్మెల్ తప్ప. ఒక డిఫెండర్ ఎదురొచ్చాడు గాని చివరి అడుగు వేయకుండా వీపు తిప్పాడు. గెమ్మెల్ కుడికాలితో కొట్టిన దెబ్బకు సార్తి కదిలేలోపే వల కదిలింది. ఒక ఫుల్‌బ్యాక్ ముందుకు వెళ్తే రెండోవాడు వెనక ఉండాలన్నది స్టీన్ పెట్టిన నియమం. పాస్ ఇచ్చిందీ గోల్ కొట్టిందీ ఇద్దరు ఫుల్‌బ్యాక్‌లే కావడంతో ఆ క్షణంలో నియమం గాలికిపోయినట్టే. మేనేజర్ వేసిన ఎత్తును ఆటగాళ్లు మేనేజర్ అనుకున్నదానికంటే ఒక అడుగు ముందుకు తీసుకెళ్లారు.

84వ నిమిషంలో రెండో గోల్ అదే బొమ్మకు ఎడమ పక్క. గెమ్మెల్ ఎడమ అంచున బంతి పట్టి, వెనక్కి బాబీ మర్డాక్‌కు అందించాడు. మర్డాక్ కొట్టిన బంతి గోల్ పక్కకు పోయేలా ఉంది. దారిలో నిలబడ్డ ఛామర్స్ పాదం తగిలించి లోపలికి మళ్లించాడు. అదృష్టం అన్నవాళ్లున్నారు. అంచు నుంచి వెనక్కి ఇచ్చిన బంతిని గోల్ ముందు నిలబడి మళ్లించడం శిక్షణలో రోజూ చేసిన పనేనని ఛామర్స్ చెప్పాడు. రెండు గోల్సూ ఒకే లెక్క ప్రకారం వచ్చాయన్నది మాత్రం కాదనలేనిది: స్వీపర్ గోల్ దగ్గరికి జరిగినప్పుడు బాక్స్ అంచున ఏర్పడే ఖాళీయే రెండింటికీ మూలం.

ఇంటర్ వైపు నుంచి చూస్తే

ఓడిన జట్టు పరిస్థితిని చెప్పకుండా ఈ మ్యాచ్‌ను వివరించడం సగం లెక్కే. సువారెస్ గాయంతో ఆడలేదు, జైర్ కూడా లేడు. పైన చెప్పిన మూడు భాగాల్లో మూడోది, ఎదురుదాడి, ఈ ఇద్దరి మీదే ఎక్కువగా ఆధారపడింది. సువారెస్ పొడవాటి పాస్ లేకపోవడంతో ఇంటర్ బంతి చిక్కించుకున్న ప్రతిసారీ దగ్గరివాడికి ఇచ్చింది, దగ్గరివాడు పోగొట్టుకున్నాడు, సెల్టిక్ దాడి అల మళ్లీ మొదలైంది. గడియ ఉంది, తలుపు తెరిచి బయటికి వెళ్లే దారి లేదు.

ఫీల్డ్ ఆటగాళ్ల స్థానంలో మరొకరిని దించే వెసులుబాటు అప్పట్లో లేదు. సెల్టిక్ బెంచీ మీద ఉన్న ఒకే ఒక్క ప్రత్యామ్నాయ ఆటగాడు గోల్‌కీపర్ జాన్ ఫాలన్. నేటి నిబంధనలైతే హెరేరా గంట గడిచేసరికి కాళ్లు బరువెక్కిన ఇద్దరు ముగ్గురిని మార్చేవాడు. అలసట కూడా ఆ రోజుది మాత్రమే కాదు. ఆ సీజన్‌లో ఇంటర్ క్వార్టర్‌ఫైనల్‌లో రియల్ మాడ్రిడ్‌ను దాటి వచ్చింది, సెమీఫైనల్‌లో సీఎస్‌కేఏ సోఫియాతో రెండు మ్యాచ్‌లూ 1-1 కావడంతో మూడోది ఆడి 1-0తో గట్టెక్కింది. సెల్టిక్ కూడా తక్కువేమీ ఆడలేదు. ఆ సంవత్సరం లీగ్, స్కాటిష్ కప్, లీగ్ కప్, గ్లాస్గో కప్ అన్నీ గెలిచింది. తేడా ఏమిటంటే ఒక జట్టు ఊపులో ఉంది, రెండోది బిగువు సడలుతున్న దశలో ఉంది.

ఆ సడలింపు వారం తిరక్కుండానే బయటపడింది. జూన్ 1న ఇటలీ లీగ్ చివరి మ్యాచ్‌లో మాంతోవా చేతిలో ఇంటర్ 0-1తో ఓడి టైటిల్‌ను యువెంతుస్‌కు వదులుకుంది. లిస్బన్‌లో అన్నేసి బంతులు ఆపిన సార్తి, మాంతోవాలో సులువుగా పట్టాల్సిన ఒక బంతిని జారవిడిచాడు. ఆ వేసవిలోనే పిక్కి వరేసెకు వెళ్లిపోయాడు. మరుసటి ఏడాది హెరేరా రోమాకు వెళ్లాడు. లిస్బన్ ఓటమి ఇంటర్‌ను కూల్చిందన్న వాదన కంటే, కూలుతున్న గోడ లిస్బన్‌లో అందరికీ కనబడిందన్నదే తేదీలకు ఎక్కువ సరిపోతుంది.

30 మైళ్ల మాట

పదకొండు మందిలో అందరికంటే దూరపువాడు లెనాక్స్. సముద్ర తీరంలోని సాల్ట్‌కోట్స్‌లో పుట్టాడు. మిగతావాళ్లు అంతకంటే చాలా దగ్గరివాళ్లు. అయితే ఈ కథ చెప్పేటప్పుడు చాలామంది మరిచిపోయే విషయం ఒకటుంది: ఆ రోజు మైదానంలోకి దిగిన ఇంటర్ జట్టులో కూడా పదకొండు మందీ ఇటాలియన్లే. సువారెస్, జైర్ లేకపోవడం కొంత కారణం. 1966 ప్రపంచ కప్‌లో ఉత్తర కొరియా చేతిలో ఓడిన తర్వాత ఇటలీ విదేశీ ఆటగాళ్ల కొత్త కొనుగోళ్లను నిషేధించింది. ఆ నిషేధం 1980 దాకా సాగింది. మొత్తం 22 మందీ తమ తమ దేశాల గడ్డ మీద ఆడుతున్నవాళ్లే. కాబట్టి సెల్టిక్‌ది మరీ విడ్డూరం కాదు, ఆ కాలపు ఆనవాయితీకి అంచున ఉన్న ఉదాహరణ.

ఆ ఆనవాయితీలోనూ గ్లాస్గోకు ప్రత్యేకత ఉంది. ఓడల తయారీ, ఉక్కు, గనుల చుట్టూ ఇరుకుగా అల్లుకున్న జనాభా, వీధి వీధికీ బంతాట, పాఠశాల జట్ల నుంచి క్లబ్బుల దాకా పేరున్న గాలింపు వ్యవస్థ. సెల్టిక్ ఫైనల్ ఆడిన ఆరు రోజులకే నగరంలోని రెండో క్లబ్బు రేంజర్స్ కప్ విన్నర్స్ కప్ ఫైనల్ ఆడి బయర్న్ మ్యూనిక్ చేతిలో 0-1తో ఓడింది. ఒకే నగరం ఒకే వారంలో రెండు యూరప్ ఫైనళ్లు ఆడిందంటే అక్కడి ఆట నేల ఎంత సారవంతమైనదో ఊహించవచ్చు. రేంజర్స్ అప్పట్లో కేథలిక్ ఆటగాళ్లను తీసుకునేది కాదు. సెల్టిక్‌లో ఆ పట్టింపు లేదు. గెమ్మెల్, సింప్సన్, ఆల్డ్, వాలెస్ ప్రొటెస్టెంట్లే. ఒకే ప్రాంతం నుంచి జట్టు కట్టాల్సిన క్లబ్బుకు రెండు వర్గాల వైపూ తలుపులు తెరిచి ఉంచడం చిన్న లాభమేమీ కాదు.

తర్వాత మారింది డబ్బు, చట్టం. 1992లో పోటీ ఛాంపియన్స్ లీగ్‌గా మారి టీవీ ఆదాయం పెద్ద దేశాల క్లబ్బుల వైపు ప్రవహించింది. 1995 డిసెంబరులో యూరప్ న్యాయస్థానం ఇచ్చిన బోస్మన్ తీర్పుతో ఒప్పందం ముగిసిన ఆటగాడు బదిలీ రుసుము లేకుండా వెళ్లే హక్కు, యూరోపియన్ యూనియన్ పౌరులపై విదేశీ పరిమితుల తొలగింపు రెండూ ఒకేసారి వచ్చాయి. 2010లో ఇంటర్ మళ్లీ యూరప్ విజేత అయినప్పుడు ఫైనల్ మొదలుపెట్టిన పదకొండు మందిలో ఒక్క ఇటాలియన్ కూడా లేడు. 2011 ఫైనల్‌లో బార్సిలోనా తన అకాడమీలో పెరిగిన ఏడుగురితో ఆట మొదలుపెట్టింది గాని, వాళ్లలో ఒకడైన మెస్సి అర్జెంటీనా నుంచి వచ్చినవాడు. అకాడమీ ఇప్పుడు ప్రపంచమంతా గాలిస్తుంది. 30 మైళ్ల గీత గీసుకోవాల్సిన అవసరం ఎవరికీ లేదు, గీసుకుంటే నిలిచే అవకాశమూ లేదు.

లిస్బన్ తర్వాతి లెక్క

1967 నుంచి 1984 వరకు జరిగిన 18 ఫైనళ్లలో దక్షిణ యూరప్ క్లబ్బు గెలిచింది ఒక్కసారే, 1969లో ఏసీ మిలన్. మిగతా పదిహేడూ స్కాట్లాండ్, ఇంగ్లండ్, నెదర్లాండ్స్, పశ్చిమ జర్మనీలకు పోయాయి. దీనికంతటికీ లిస్బన్ మ్యాచ్‌ను కారణంగా చూపడం అతిశయోక్తి. మాంచెస్టర్ యునైటెడ్, అయాక్స్ జట్లు సెల్టిక్‌ను చూసి పుట్టినవి కావు. ఫుల్‌బ్యాక్‌ల దాడి, స్థానాలు మార్చుకునే ఫార్వర్డ్‌లు యూరప్ ఉత్తర భాగమంతటా ఒకే కాలంలో పాకుతున్న ఆలోచనలు. లిస్బన్‌లో అవి అందరూ చూసే చోట తొలిసారి ఫలించాయి.

సెల్టిక్‌కు మాత్రం ఆ లెక్క ఎక్కువ కాలం పనిచేయలేదు. మరుసటి సీజన్ తొలి రౌండ్‌లోనే డైనమో కీవ్ చేతిలో ఓడింది. 1970లో మళ్లీ ఫైనల్‌కు వచ్చింది. వేదిక ఇంటర్ సొంత మైదానం సాన్ సిరో, ప్రత్యర్థి నెదర్లాండ్స్ క్లబ్బు ఫెయెనూర్డ్. ఈసారి కూడా తొలి గోల్ గెమ్మెల్‌దే. కానీ నలుగురు ఫార్వర్డ్‌లను ముందుంచి ఇద్దరితోనే మిడ్‌ఫీల్డ్ నడిపిన స్టీన్ అమరికను ఫెయెనూర్డ్ కోచ్ ఎర్నెస్ట్ హాపెల్ ముందే చదివాడు. మధ్యలో ముగ్గురిని నిలబెట్టి, ఫుల్‌బ్యాక్‌లకు చేరే బంతిని దారిలోనే తుంచేశాడు. ఆట 1-1తో అదనపు సమయానికి వెళ్లింది. 117వ నిమిషంలో ఎత్తుగా వచ్చిన బంతిని వెనక్కి తూలుతూ సెల్టిక్ కెప్టెన్ మెక్‌నీల్ చేత్తో తాకాడు, రిఫరీ ఆట ఆపలేదు, ఫెయెనూర్డ్ ఆటగాడు ఓవే కిండ్వాల్ గోల్‌కీపర్ మీదుగా బంతిని వలలోకి లేపాడు.